వాల్యూమ్ రెండు దాటని యాంప్

అధ్యక్షులవారికి, పెద్దలకు, గిటార్లు భుజాన వేసుకొచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించడం మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించండి.

పాత ట్యూబ్ సౌండ్ ఉన్న కాంబో యాంప్ ఎలా ఎంచుకోవాలి అన్నది నాకిచ్చిన అంశం. గిటార్ సిగ్నల్‌ని పెంచేది యాంప్; ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు గొట్టాలతో పెంచితే ట్యూబ్ యాంప్. యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటే కాంబో. ఇది మీకు తెలిసిందే. అందుకని సరాసరి నా మొదటి కాంబో దగ్గరికి వస్తాను.

100 వాట్లు. స్పీకర్లని నడిపే పవర్ ట్యూబులు నాలుగు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, దగ్గర దగ్గర 30 కిలోల బరువు. "వాట్లు ఎక్కువుంటే నష్టమేముంది సార్, తగ్గించి వాయించుకోవచ్చు" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. పదకొండేళ్లుగా దాని వాల్యూమ్ 2 దాటలేదు. ఒక్కసారి 4కి తిప్పాను. పై ఇంటివాళ్లు, కింది ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు కలిసికట్టుగా వచ్చి తలుపు కొట్టారు. మామూలుగా వాళ్లలో వాళ్లకి పడదు.

తగ్గించి వాయిస్తే ఏం పోతుంది? దేనికోసం డబ్బు పోశామో అదే పోతుంది. మోయగలిగినదానికి మించి సిగ్నల్ వస్తే ట్యూబ్ దాన్ని టక్కున కోసెయ్యదు, అంచుల్ని మెల్లగా నలుపుతుంది. అందుకే గట్టిగా మీటితే గరగర, నెమ్మదిగా మీటితే తేట. పాత యాంపుల్లో చాలావాటిలో రెక్టిఫయర్, అంటే ఏసీ కరెంటుని డీసీగా మార్చేది కూడా ట్యూబే. గట్టి దెబ్బ పడగానే వోల్టేజి కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. చెవి కంటే ముందు అది వేళ్లకి తెలుస్తుంది. నా పవర్ ట్యూబులు పదకొండేళ్లుగా ఆ పని చెయ్యలేదు, ఊరికే వేడెక్కాయి.

ఇంకో లెక్క వినండి. చప్పుడుని డెసిబెళ్లలో కొలుస్తారు; వాట్లు సగానికి తగ్గిస్తే తగ్గేది 3 డెసిబెళ్లే. చెవికి చప్పుడు సగమైనట్టు అనిపించాలంటే వాట్లు పదో వంతుకి రావాలి. 100 వాట్లలో సగం చప్పుడు 10 వాట్లకే వచ్చేస్తుందన్నమాట! 5 వాట్ల ట్యూబ్ యాంప్ కూడా పడగ్గదికి ఎక్కువే. ఈ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే నా నడుము ఇంకా నిటారుగా ఉండేది.

వెనక వరసలో ఒకాయన చెయ్యెత్తారు. ఏది కొనాలో చెప్పమంటున్నారు. సరే. తేటగా, గంటలా మోగాలంటే ఫెండర్ డీలక్స్ రివర్బ్. 1963 నాటి డిజైన్, 22 వాట్లు, రెండు 6వి6 ట్యూబులు, ఒకే స్పీకర్. కాస్త మెరుపూ కొరుకుడూ కావాలంటే ఈఎల్84 ట్యూబుల వోక్స్ ఏసీ15. బీటిల్స్ వాడిన ఏసీ30 దీనికి అన్న. మార్షల్ వాళ్ల తొలి యాంప్ జేటీఎం45కి మూలం ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్. బాస్ గిటార్ కోసం చేసిన యాంప్ నుంచి రాక్ సౌండ్ పుట్టింది చూడండి!

పరీక్షించేటప్పుడు మీ గిటారే పట్టుకెళ్లండి. యాంప్ గరగరలాడేదాకా పెంచి, గిటార్ మీది వాల్యూమ్ నాబ్ తగ్గించండి. స్వరం తేటపడితే బేరమాడండి, ముద్దగా అయిపోతే లేచి వచ్చెయ్యండి. ట్యూబుల ధ్వనిని చిప్‌తో అనుకరించే డిజిటల్ కాంబోల్ని నేను చాలాకాలం వెక్కిరించాను. ఇప్పుడు ఇంట్లో రోజూ వాయించేది అదే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

నిజం చెప్పండి, మీలో ఎంతమంది యాంప్ వెనక స్క్రూలు విప్పి లోపల చెయ్యి పెట్టారు? అన్ని చేతులా! వద్దు బాబూ. లోపల 400 వోల్టులు దాటి కూడా ఉండొచ్చు, ప్లగ్ తీసినా కరెంటుని దాచిపెట్టుకునే కెపాసిటర్లలో నిలిచే ఉండొచ్చు. స్పీకర్ వైరు ఊడి ఉండగా ఆన్ కూడా చెయ్యకండి, ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. స్పీకర్ల గురించి చెప్పనే లేదు, పోనీండి. ఈ తెర వెనక ఉన్నది నా 100 వాట్ల కాంబోనే. పొద్దున నలుగురం కలిసి మోసుకొచ్చాం. నేను మాట్లాడుతుండగా ట్యూబులు వేడెక్కాయి. ఈ హాలుకి పక్కిళ్లు లేవని నిర్వాహకులు హామీ ఇచ్చారు. ముందు వరసలో చిన్నపిల్లలుంటే కాస్త వెనక్కి తీసుకెళ్లండమ్మా. 6కి తిప్పుతున్నాను.