పలుగురాయి మొండిదే, పక్కనున్నది కాదు

వ్యాఖ్యాత: నమస్కారం. క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి, దానితో కలిసి పుట్టే స్ఫటికాల సేకరణ మీద ఇవాళ్టి ఫోన్-ఇన్. చాలా ఏళ్లుగా ఖనిజ నమూనాలు సేకరిస్తున్న మేడమ్ స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి కాబట్టి నేరుగా ఫోన్లలోకి వెళ్దాం. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే అండీ. నా దగ్గర అరచెయ్యంత క్వార్ట్జ్ గుత్తి ఉంది. మీద తుప్పు రంగు మరకలున్నాయి. ఆక్సాలిక్ ఆమ్లంలో నానబెడితే పోతాయని విని పొడి తెచ్చిపెట్టుకున్నాను. ఎంత కలపాలి, ఎన్ని రోజులు ఉంచాలి, అది చెప్తే చాలు.

మేడమ్: డబ్బా మూత తీశారా?

మొదటి కాలర్: ఇంకా లేదండీ.

మేడమ్: బతికించారు. రాయి దగ్గరే ఉంటే చేతిలోకి తీసుకోండి. అందులో క్వార్ట్జ్ కాక ఇంకేమైనా కనిపిస్తోందా?

మొదటి కాలర్: అడుగున తెల్లగా కొన్ని ఉన్నాయి. అవీ క్వార్ట్జే అనుకుంటా.

మేడమ్: అనుకోవద్దు. అవి ఎలా ఉన్నాయో చెప్పండి.

మొదటి కాలర్: పొడుగ్గా లేవు. పెట్టెల్లా ఉన్నాయి గానీ సరైన పెట్టెలు కావు. పక్కనుంచి ఎవరో నెడితే వాలిపోయిన అట్టపెట్టెల్లా.

మేడమ్: నేను చూసినట్టే చెప్పారు. కాల్సైట్‌కి ఆ ఆకారం ఉంటుంది, పగిలినా ఆ వాలులోనే పగులుతుంది. క్వార్ట్జ్ స్ఫటికానికైతే ఆరు పక్కలుంటాయి. ఆ పక్కల మీద అడ్డంగా సన్నని గీతలుంటాయి, గోరుతో నిమిరితే తగులుతాయి. ఇప్పుడు ఒక గుండుసూదితో ఆ తెల్లదాని మీద, ఎవరికీ కనపడని మూలన, కొంచెం గీయండి.

మొదటి కాలర్: ఒక్క నిమిషం... గీత పడిందండీ. పొడి కూడా రాలింది.

మేడమ్: అయితే క్వార్ట్జ్ కాదు. మోస్ కొలతలో క్వార్ట్జ్ కాఠిన్యం 7, కాల్సైట్‌ది 3. సూది క్వార్ట్జ్‌ని ఏమీ చేయలేదు. ఆ రాలిన పొడి మీద ఒక్క చుక్క వెనిగర్ వేసి భూతద్దంలో చూడండి. బుడగలు లేస్తే కాల్సైటే అనుకోవచ్చు. పనిలో పనిగా ఆ తుప్పు రంగును కూడా అదే భూతద్దంలో ఒకసారి చూడండి. తర్వాత మళ్లీ ఫోన్ చేయండి, తొందరేం లేదు.

వ్యాఖ్యాత: కాల్సైటే అయితే ఆమ్లంలో వేస్తే ఏమవుతుంది మేడమ్?

మేడమ్: ఆక్సాలిక్ ఆమ్లం కాల్సైట్‌తో కలిసి కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. సున్నం పూసినట్టు తెల్లటి పొర కడుతుంది, వదిలించడం మహా కష్టం. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే ఇంకా ఘోరం, కాల్సైట్‌ని పూర్తిగా కరిగించేస్తుంది. కొత్తలో నేను ఆ పనే చేశాను. ఒక గుత్తిని రాత్రి ఆమ్లంలో వేసి పడుకున్నాను. పొద్దున చూస్తే క్వార్ట్జ్ మెరిసిపోతోంది, కాల్సైట్ ఉన్నచోట ఖాళీ గుంటలు. ఆ రాయిని ఇప్పటికీ దాచుకున్నాను. ఎవరైనా ఆమ్లం మాటెత్తితే బయటికి తీస్తాను.

మనవాళ్లు పలుగురాయి అని ఊరికే అనలేదు. క్వార్ట్జ్ మొండిది, మామూలు ఆమ్లాలు దానికి లెక్క కాదు. దాన్ని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటి మీద పడితే మనిషి ప్రాణానికే ముప్పు, ఇంట్లో దాని జోలికే పోవద్దు. అయితే మనం కొనేది ఒంటరి క్వార్ట్జ్‌ని కాదు కదా. పక్కన కాల్సైట్, ఫ్లోరైట్, ఇనుము గంధకం కలిసిన పైరైట్ లాంటి ఖనిజాలుంటాయి. దక్కన్ బసాల్ట్, అంటే లావా గట్టిపడిన నల్లరాయి, నుంచి వచ్చిన పీసయితే స్టిల్‌బైట్, అపోఫిల్లైట్ ఉంటాయి. ఆ రాయిలో దేనికి ఓపిక తక్కువో దాన్ని బట్టే కడగాలి.

వ్యాఖ్యాత: క్వార్ట్జ్ ఒక్కటే ఉంటే?

మేడమ్: అప్పుడు ఆక్సాలిక్ బాగానే పనిచేస్తుంది. విషం కాబట్టి చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. వంటగదిలో వద్దు, పొయ్యి మీద వేడి చేయడం అసలే వద్దు. తర్వాత నీళ్లు మారుస్తూ చాలాసార్లు కడగాలి, పగుళ్లలో ఆమ్లం మిగిలిపోతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్.

రెండో కాలర్: మేడమ్, నేను సిట్రిన్, అదే పసుపు క్వార్ట్జ్, గుత్తి కొన్నాను. మొనల దగ్గర ముదురు నారింజ రంగు, అడుగున తెల్లగా ఉంది. చూసినవాళ్లు కాల్చినదంటున్నారు. మోసపోయానా?

మేడమ్: మీరు చెప్పిన రంగు చూస్తే కాల్చిన అమెథిస్టే, అంటే ఊదారంగు క్వార్ట్జ్. అమెథిస్ట్‌కి ఊదారంగు ఇచ్చేది అందులోని ఇనుము, దానికి తోడు భూమిలో తగిలిన సహజ రేడియేషన్. దాన్ని 400, 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే పసుపు, నారింజ వస్తుంది. బజారులో సిట్రిన్ పేరుతో దొరికేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. సహజమైన సిట్రిన్ సాధారణంగా లేతగా, కొంచెం పొగ కలిసినట్టు ఉంటుంది. రాయి నిజమైనదే, రంగు మాత్రం మనిషి తెప్పించింది. చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా సహజమని అమ్మితే మాత్రం మోసమే. లేబుల్ మీద వేడి చేసినది అని రాసి ఉంచుకోండి. ఇంకొక మాట, అసలు అమెథిస్ట్ ఉంటే కిటికీలో పెట్టకండి. ఎండకు వెలిసిపోతుంది.

రెండో కాలర్: ఇంద్రధనుస్సు రంగులతో మెరిసేవి?

మేడమ్: అది టైటానియం లాంటి లోహపు పూత. శూన్యంలో ఆవిరి చేసి పట్టిస్తారు. ముచ్చటపడితే కొనుక్కోండి, నా అరలో మాత్రం వాటికి చోటు లేదు.

వ్యాఖ్యాత: పెద్దాయన ఒకరు లైన్లో ఉన్నారు.

మూడో కాలర్: అమ్మా, నా దగ్గర రెండు వందల రాళ్ల దాకా ఉన్నాయి. మా అబ్బాయి వాటిని అద్దాల బీరువాలో సర్దుతానంటున్నాడు. రాయి పేరు, దొరికిన చోటు రాసిన పాత చీటీలు నలిగిపోయాయి, పారేసి కొత్తవి ప్రింటు తీస్తానంటాడు.

మేడమ్: బాబాయ్ గారూ, ముందు మీ అబ్బాయిని ఆపండి. కొత్తవి ప్రింటు తీయనివ్వండి, పాతవి మాత్రం ఒక్కటీ పోకూడదు. ఏ గనిలో, ఏ కొండలో దొరికిందో తెలియని రాయి అందంగా ఉంటుందంతే, దాని కథ పోయినట్టే. పొగరంగు క్వార్ట్జ్ మీద గులాబీ ఫ్లోరైట్ కూర్చుంటే ఆల్ప్స్ పర్వతాలదేమో అని మనసు పోతుంది. పోలిక చూసి చీటీ మీద ఊరు పేరు రాయకూడదు. తెలియకపోతే తెలియదనే రాయండి. ప్రతి రాయికీ కనపడని చోట వడ్లగింజంత తెల్ల రంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద సన్నని కలంతో నంబరు వేయండి. అదే నంబరు చీటీ మీద, పుస్తకంలోనూ ఉండాలి. బీరువాలోకి ఎక్కించేది ఆ తర్వాతే.

మూడో కాలర్: ఒకదాంట్లో రెండు బల్లపరుపు స్ఫటికాలు హృదయం గుర్తులా కలిసి ఉన్నాయి. అతికించారేమో అని ఎప్పటినుంచో అనుమానం.

మేడమ్: అది ‘జపాన్ నియమపు’ జంట (ఇంగ్లీషులో Japan law twin) కావచ్చు, అంటే ఒకే కోణంలో కలిసి పెరిగిన రెండు స్ఫటికాలు. అసలైన జంటలో రెండు స్ఫటికాల మధ్య కోణం 84 డిగ్రీల 33 నిమిషాలు. లంబకోణానికి కాస్త తక్కువన్నమాట. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి. చాలా జిగుర్లు నీలి తెలుపుగా వెలుగుతాయి. కాల్సైట్, ఫ్లోరైట్ కూడా వెలగొచ్చు కాబట్టి వెలుగు రాగానే కంగారుపడొద్దు. కలిసినచోట మాత్రమే గీతలా వెలిగితే అనుమానించాలి. తర్వాత పదిరెట్ల భూతద్దంతో ఆ అతుకులో గాలిబుడగలు, రాతిపొడి మెత్తింది ఉన్నాయేమో చూడండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్... పైరైట్ మీద తెల్ల పొడి వస్తోందట. అయ్యో, కట్ అయింది.

మేడమ్: వింటుంటే చెప్తాను. ఆ పైరైట్ తేమకు చెడిపోతోంది. ఆ పొడితోపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా తయారవుతుంది. చీటీని, కింది అట్టపెట్టెను తినేస్తుంది. ఆ రాయిని మిగతావాటికి దూరంగా, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి. నీళ్లతో కడగొద్దు.

వ్యాఖ్యాత: మొదట మాట్లాడినాయన మళ్లీ వచ్చారు.

మొదటి కాలర్: బుడగలు వచ్చాయండీ. సన్నగా, వరసగా లేచాయి.

మేడమ్: కాల్సైటే. మరి తుప్పు రంగు?

మొదటి కాలర్: అదే చెప్దామని. అది మరక కాదండీ. భూతద్దంలో చూస్తే గోధుమరంగు వెంట్రుకల్లా నిలబడి ఉన్నాయి, కొన్నిచోట్ల గుత్తులుగా. దీపం కింద తిప్పితే మఖ్మల్‌లా మెరుస్తున్నాయి.

మేడమ్: గోతైట్ సూదులై ఉండొచ్చు. అదీ ఇనుము ఖనిజమే. మీరు మరక అనుకుని వదిలించబోయింది మీ రాయిలో మూడో ఖనిజాన్ని.

మొదటి కాలర్: మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపొచ్చా?

మేడమ్: వద్దు, విరిగిపోతాయి. రబ్బరు బుడ్డితో దూరం నుంచి గాలి కొట్టండి, చాలు.

మొదటి కాలర్: మరి ఆ పొడి డబ్బా?

మేడమ్: మీద విషం అని రాసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఉత్త క్వార్ట్జ్ దొరికిన రోజు దించుదురుగాని.