మిత్రులే కొట్టుకుంటే: సంధి పత్రాల్లో రాయని సంగతులు

(నెల్లూరులో కళాశాల విద్యార్థులు, అధ్యాపకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కావలి నుంచీ ఒంగోలు నుంచీ ఇంత ఎండలో వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

విదేశాంగ విధానం అనగానే అది ఢిల్లీవాళ్ల పని, మనకేం సంబంధం అనుకుంటాం. కృష్ణపట్నం రేవు దగ్గర నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలకు పొద్దుతిరుగుడు నూనె రావాలంటే నల్లసముద్రంలో ఓడలు కదలాలి. మన మెట్ట మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా కువైట్‌లోనో ఖతార్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసేవాళ్ల ఇళ్లు కనబడతాయి. కాబట్టి ఎక్కడో ఇద్దరు తగువు పడితే దాని సెగ ఇక్కడికీ తగులుతుంది. ఆ ఇద్దరూ మనకు కావలసినవాళ్లే అయితే మరీ చిక్కు.

ఒక పెద్ద దేశానికి ఇద్దరు మిత్రులున్నారు. వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తారు. అప్పుడు ఆ పెద్ద దేశం ఏం చేస్తుంది? సంధి పత్రం తిరగేస్తే జవాబు దొరకదు. ఆ కాగితం బయటి శత్రువును మనసులో పెట్టుకుని రాసింది. ఇంట్లో తగాదాకు అందులో సెక్షన్ ఉండదు. అందుకే నిర్ణయం వేరేచోట జరుగుతుంది: ఎవరి విమానాలకు ఎవరు విడిభాగాలు పంపుతున్నారు, ఎవరి నేల మీద ఎవరి స్థావరం ఉంది, ఎవరి పార్లమెంటు డబ్బు ఆపగలదు. ఆ నిర్ణయం దెబ్బ కూడా తప్పు చేసినవాడికి తగులుతుందన్న భరోసా లేదు. ఎవడు ఎక్కువ ఆధారపడ్డాడో వాడికి తగులుతుంది. ఈ సంగతిని కొన్ని ఉదంతాలతో వివరిస్తాను.

దగ్గరి ఉదాహరణతో మొదలుపెడదాం. 1965 యుద్ధం. పాకిస్తాన్ 1954లో సీటోలో, 1955లో బాగ్దాద్ ఒడంబడికలో చేరింది. రెండూ కమ్యూనిస్టులకు ఎదురుగా పడమటి దేశాల అండతో ఏర్పడ్డ సైనిక కూటములు. ఆ రెండోదే తర్వాత సెంటో అయింది. ప్యాటన్ ట్యాంకులు, సేబర్ విమానాలు, ఎఫ్-104లు అమెరికా నుంచి వచ్చాయి. 1962లో చైనాతో యుద్ధం తర్వాత అమెరికా మనకూ ఆయుధ సాయం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఇచ్చింది కమ్యూనిస్టుల మీద వాడతారనే. సీటో ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే అమెరికా ఒక మాట రాయించుకుంది: తన బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణకే వర్తిస్తుందని. సెంటోలోనైతే అమెరికా పూర్తి సభ్యురాలే కాదు. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ ఈ కూటముల తలుపు తడితే తలుపు తెరుచుకోలేదు. పైగా సెప్టెంబరు 8న అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది.

చూడటానికి ఇది సమన్యాయం. నిజానికి కాదు. మన సైన్యం దగ్గర బ్రిటిష్ సెంచూరియన్, ఫ్రెంచి ఏఎంఎక్స్-13 ట్యాంకులు, హంటర్, న్యాట్ విమానాలు ఉన్నాయి. నాలుగు చోట్ల నుంచి తెచ్చుకున్న సరుకు. పాకిస్తాన్ బలమంతా అమెరికా సరుకే. నిషేధం ఇద్దరి మీదా ఒకే రోజు పడినా నొప్పి ఒకరికే ఎక్కువైంది. ఆ చేదు తర్వాత పాకిస్తాన్ చైనాకు మరింత దగ్గరైంది. 1971 తర్వాత సీటోను, 1979లో సెంటోను వదిలేసింది.

ఇప్పుడు సైప్రస్, గ్రీకులూ టర్కులూ కలిసి ఉన్న మధ్యధరా ద్వీపం. కూటమి రాజకీయం చదవదలచినవాళ్లు దీన్ని తేదీలతో సహా గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. గ్రీసు, టర్కీ రెండూ 1952లో ఒకేసారి అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో చేరాయి. సైప్రస్‌కు 1960లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్, గ్రీసు, టర్కీ ముగ్గురూ హామీదారులుగా సంతకం పెట్టారు. ఆ హామీ ఒప్పందంలో నాలుగో అధికరణం అసలు కీలకం. రాజ్యాంగానికి భంగం కలిగితే ముగ్గురూ సంప్రదించుకోవాలి. కలిసి చర్య తీసుకోవడం కుదరకపోతే, పాత పరిస్థితిని తిరిగి నెలకొల్పడం కోసం మాత్రమే ఎవరికి వారు చర్య తీసుకునే హక్కు ఉంటుంది.

1974 జూలై 15న గ్రీసు సైనిక ప్రభుత్వం వెనక ఉండి సైప్రస్‌లో తిరుగుబాటు చేయించింది. అధ్యక్షుడు మకారియోస్ తప్పించుకున్నాడు. టర్కీ ప్రధాని ఎజెవిత్ 17న లండన్ వెళ్లి, తమతో కలిసి చర్యకు దిగమని బ్రిటన్‌ను అడిగాడు. బ్రిటన్‌కు ఆ ద్వీపం మీదే రెండు స్థావరాలున్నా ఒప్పుకోలేదు. 20న టర్కీ సేనలు కైరీనియా దగ్గర దిగాయి. ఇక్కడిదాకా టర్కీ చేతిలో నాలుగో అధికరణం ఉంది. 23న తిరుగుబాటుదారులు గద్దెనెక్కించిన అధ్యక్షుడు రాజీనామా చేశాడు, ఏథెన్స్‌లో సైనిక ప్రభుత్వమూ కూలింది. అంటే కారణం తీరిపోయింది. అయినా ఆగస్టు 14న టర్కీ రెండో దాడి చేసి ద్వీపంలో దాదాపు 36 శాతం ఆక్రమించింది. మొదటి దాడికి చూపిన కాగితం రెండో దాడికి చెల్లదు. న్యాయం గురించి వాదించేవాళ్లు ఈ రెండు తేదీలనూ కలిపేసి మాట్లాడతారు. అది పొరపాటు.

మరి నాటో ఏం చేసింది? ఏమీ చేయలేకపోయింది. అక్కడ ఓట్లు ఉండవు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. తన మీద తీర్మానానికి ఏ సభ్యుడు ఒప్పుకుంటాడు? నాటో ఒప్పందంలోని ఐదో అధికరణం ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అంటుంది. కానీ దాడి చేసినవాడు కూడా సభ్యుడే అయితే ఏమిటో చెప్పదు. సభ్యుణ్ణి బయటికి పంపే నిబంధన ఆ ఒప్పందంలో లేదు. తానుగా పోదలచినవాడు ఏడాది ముందు నోటీసు ఇచ్చి పోవచ్చు, అంతే. ఆగస్టు 14నే గ్రీసు కోపంతో నాటో సైనిక వ్యవస్థ నుంచి తప్పుకుంది. తిరిగి వచ్చింది 1980లో. దాడి చేసిన టర్కీ కూటమి లోపలే ఉంది, నాటో తనను ఆదుకోలేదన్న గ్రీసు బయట నిలబడింది.

ఒక్క రోజు సంఘటన దగ్గరగా చూడండి. జూలై 21. గ్రీకు ఓడలు సైప్రస్‌లోని పాఫోస్ రేవు వైపు వస్తున్నాయని టర్కీ వైమానిక దళానికి కబురు వచ్చింది. విమానాలు వెళ్లాయి. కింద కనబడ్డ మూడు డిస్ట్రాయర్లూ అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలపు నమూనాలో కట్టినవి. గ్రీసు నౌకాదళంలోనూ సరిగ్గా అలాంటివే ఉన్నాయి. ఇద్దరికీ ఇచ్చింది ఒక్కడే కదా! ఓడ ఆకారం చూస్తే ఎవరిదో తెలియదు. టర్కీ విమానాలు తమ ఓడల మీదే బాంబులు వేశాయి. కొజాతెపె అనే డిస్ట్రాయర్ మునిగిపోయింది. యాభై మందికి పైగా టర్కీ నావికులు చనిపోయారు. ఒకే దుకాణంలో ఆయుధాలు కొన్న ఇద్దరు తలపడితే రణరంగంలో జరిగేది ఇది.

ఈ గందరగోళంలో మనవాడొకరు ఉన్నారని చాలామందికి తెలియదు. అప్పటి ఐక్యరాజ్యసమితి శాంతిసేన దళపతి భారతీయుడు, దివాన్ ప్రేమ్‌చంద్. రాజధాని నికోసియా విమానాశ్రయం కోసం ఇరుపక్షాలూ కొట్టుకుంటుంటే దాన్ని సమితి రక్షణలోకి తీసుకున్నారు. ఆయనకు ముందు జనరల్ తిమ్మయ్య అదే పదవిలో ఉండి 1965లో సైప్రస్‌లోనే కన్నుమూశారు.

ఇక అమెరికా. తామిచ్చిన ఆయుధాలు ఆత్మరక్షణకే వాడాలని వాళ్ల చట్టంలో ఉంది. అధ్యక్షుడు ఫోర్డ్‌కు, విదేశాంగ మంత్రి కిసింజర్‌కు ఇష్టం లేకపోయినా కాంగ్రెస్ పట్టుబట్టి 1975 ఫిబ్రవరి 5 నుంచి టర్కీకి ఆయుధాలు ఆపించింది. చట్టం ప్రకారం సరైన పనే. ఫలితం? జూలైలో టర్కీ తన నేల మీది అమెరికా స్థావరాల పనులు నిలిపేసింది. సోవియట్ క్షిపణి పరీక్షలను చెవి పెట్టి వినే కేంద్రాలు మూగబోయాయి. 1978లో నిషేధం ఎత్తేశారు. సైప్రస్ నుంచి టర్కీ సేనలు వెళ్లలేదు, ఇప్పటికీ ఉన్నాయి. టర్కీ నేర్చుకున్న పాఠం వేరు: అదే 1975లో సొంత సైనిక ఎలక్ట్రానిక్స్ కోసం అసెల్సాన్ సంస్థ పెట్టుకుంది. నిషేధం పెట్టేటప్పుడు అవతలివాడి చేతిలో ఏముందో లెక్క వేయకపోతే ఇలాగే అవుతుంది.

సోవియట్ యూనియన్ కూడా ఈ చిక్కులోనే పడింది. 1974లో సోమాలియాతో మైత్రి ఒప్పందం చేసుకుంది, బెర్బెరా రేవులో నౌకా సదుపాయాలు పొందింది. పక్కనే ఇథియోపియాలో రాజు పడిపోయి సైనిక విప్లవ ప్రభుత్వం వచ్చి మాస్కో వైపు తిరిగింది. ఇద్దరూ సోషలిస్టులే, ఇథియోపియాలోని ఒగాదెన్ భూమి దగ్గర మాత్రం బద్ధశత్రువులు. 1977 మార్చిలో క్యూబా నాయకుడు కాస్ట్రో ఇద్దరినీ యెమెన్‌లోని ఏడెన్‌లో కూర్చోబెట్టి సమాఖ్యగా ఉండండని చెప్పి చూశాడు. కుదరలేదు. జూలైలో సోమాలియా సేనలు ఒగాదెన్‌లోకి వచ్చాయి. మాస్కో ఇథియోపియా వైపు మొగ్గింది. నవంబరు 13న సోమాలియా ఒప్పందం రద్దుచేసి సోవియట్ సలహాదారులను పంపేసింది. ఆ సలహాదారులు తయారుచేసిన సైన్యమే కాబట్టి దాని లోటుపాట్లన్నీ వాళ్లకు తెలుసు. క్యూబా సైనికులు, సోవియట్ విమానాల్లో వచ్చిన ఆయుధాలు ఇథియోపియాను నిలబెట్టాయి. సోమాలియాకు విడిభాగాలు ఆగిపోయాయి. 1978 మార్చిలో వెనక్కి మళ్లింది. 1980కల్లా బెర్బెరాను వాడుకునే ఒప్పందం అమెరికాకు దక్కింది. ఆఫ్రికా దేశాల్లో ఎక్కువ భాగం ఇథియోపియా వైపే ఉన్నాయి. వలసపాలన నాటి సరిహద్దులు మార్చకూడదని 1964లో కైరోలో వాళ్లంతా తీర్మానించుకున్నారు మరి.

ఖతార్ సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గర. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. భూమార్గం ఒక్కటే, సౌదీ సరిహద్దు, అది మూసేశారు. ఆహారంలో దాదాపు 40 శాతం ఆ దారినే వచ్చేది. అమెరికాకు అల్ ఉదేద్‌లో ఖతార్ నేల మీద పెద్ద వైమానిక స్థావరం, బహ్రెయిన్‌లో ఐదో నౌకాదళం. అధ్యక్షుడు ట్రంప్ ఖతార్‌ను తప్పుబట్టాడు. అదే నెలలో వాళ్ల రక్షణశాఖ ఖతార్‌కు 1,200 కోట్ల డాలర్ల ఎఫ్-15 విమానాల ఒప్పందం మీద సంతకం పెట్టింది. అంతకన్నా చెప్పుకోవలసింది ఇంకోటి ఉంది. ఖతార్ నుంచి యూఏఈకి గ్యాస్ తీసుకెళ్లే డాల్ఫిన్ పైప్‌లైన్ ఆ మూడున్నరేళ్లలో ఆగలేదు. రోజుకు దాదాపు 200 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ప్రవహిస్తూనే ఉంది. ఏం మూశారన్నదే కాదు, ఏం మూయలేదన్నది కూడా చూడాలి. తెగేదాకా లాగదలచుకోలేదని ఆ పైపే చెప్పింది. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. మధ్యవర్తి కువైట్.

మన దేశం సంగతికి వస్తాను. మనం ఏ సైనిక కూటమిలోనూ లేం కాబట్టి ఈ బెడద లేదని కొందరంటారు. ఒప్పుకోను. సంధి లేకపోయినా కొనుగోలు ఒప్పందం ఉంది, అది కూడా కట్టిపడేస్తుంది.

యుద్ధనౌక తుషిల్ చూడండి. రష్యాతో 2016 ఒప్పందం ప్రకారం నాలుగు ఫ్రిగేట్లు: రెండు రష్యాలో, రెండు గోవాలో కట్టాలి. రష్యాలో కట్టే రెండింటి ఓడ చట్రాలు కాలినిన్‌గ్రాద్‌లో ముందే ఉన్నాయి, రష్యా నౌకాదళం కోసం మొదలుపెట్టినవి. ఆగిపోయాయి, ఎందుకంటే వాటి గ్యాస్ టర్బైన్ ఇంజన్లు తయారయ్యేది ఉక్రెయిన్‌లోని మికొలైవ్‌లో. 2014లో క్రిమియా తర్వాత ఉక్రెయిన్ రష్యాకు ఇంజన్లు ఇవ్వనంది. మనం ఉక్రెయిన్ దగ్గర ఇంజన్లు కొని రష్యా షిప్‌యార్డుకు పంపించాం. ఒకరి ఇంజన్ ఇంకొకరి ఓడలో మన డబ్బుతో అమరింది. 2024 డిసెంబరు 9న తుషిల్, 2025 జూలై 1న తమాల్ మన నౌకాదళంలో చేరాయి. సముద్రంలో తిరిగే ఓడకు ముప్పై ఏళ్లు విడిభాగాలు కావాలి. ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరు యుద్ధరంగానికి దగ్గర. ఇది నౌకాదళానికి రోజూ ఉండే చింత.

రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు, దాన్ని తప్పుబట్టే తీర్మానాల మీద 2022 ఫిబ్రవరి 25న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో, మార్చి 2న సాధారణ సభలో మనం ఓటింగుకు దూరంగా ఉన్నాం. దీన్ని తప్పన్నవాళ్లున్నారు, గొప్పన్నవాళ్లున్నారు. నా దృష్టిలో దానికి మూల్యం ఉంది, ప్రయోజనమూ ఉంది, రెండూ కళ్లెదుట కనబడ్డాయి. దాడికి గురైనవాడి మనసు నొచ్చుకుంది, అది మూల్యం. ప్రయోజనం ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో కనబడింది. దాదాపు 700 మంది మన వైద్య విద్యార్థులు అక్కడ చిక్కుకుపోయారు, తెలుగు పిల్లలూ ఉన్నారు. మంచు కరిగించుకుని తాగారు. మార్చి 7న బస్సులెక్కారు, కాల్పులు ఆగలేదని దింపేశారు. ఆ రోజు ప్రధాని పుతిన్‌తోనూ జెలెన్‌స్కీతోనూ మాట్లాడారు. 8న బస్సులు పోల్తావాకు కదిలాయి, అక్కడి నుంచి రైల్లో పడమటికి. ఇరువైపులా ఫోన్ ఎత్తేవాళ్లు ఉండటం వల్లే ఆ దారి తెరుచుకుంది. అలాగని ప్రతిసారీ దూరంగా ఉండటమే మంచిదని నేను అనను. సరిహద్దును బలంతో మార్చడం తప్పని చెప్పవలసిన అవసరం మనకే ఎక్కువ, మన సరిహద్దులు అలాంటివి.

చివరగా గల్ఫ్‌లో మనుషులున్న కుటుంబాలకు ఒక మాట. 2017లో దుబాయ్, షార్జా మీదుగా దోహాకు టికెట్టు తీసుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో చిక్కుకున్నారు. మస్కట్, కువైట్ దారులు మాత్రం తెరిచే ఉన్నాయి. కాబట్టి గొడవ వాసన తగిలిన రోజుల్లో నేరుగా వెళ్లే విమానం చూసుకోండి, లేదా తగువులో లేని దేశం మీదుగా వెళ్లండి. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర ఉంటే దాని నకలు, వీసా పేజీ, అక్కడి గుర్తింపు కార్డు నంబరు, పని ఒప్పందం నకలు ఇక్కడ ఇంట్లో ఒక కవర్లో పెట్టుకోండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి. అక్కడికి చేరగానే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమనండి. తరలింపు మొదలైనప్పుడు వాళ్లు ముందుగా తీసేది ఆ జాబితానే.

ఇక ప్రశ్నలు. ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ముందు అడగండి.