మంచు తుఫానులో కరెంట్ పోతే ఈ పవర్ స్టేషన్ నమ్మొచ్చా? ఒక్క సెట్టింగ్ దగ్గరే నాకు మండింది

హాయ్ అందరికీ, ముందు ఒక విషయం చెప్పేస్తా, ఈ పవర్ స్టేషన్, అంటే ప్లగ్గులు పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె, కంపెనీ వాళ్ళే ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు, వీడియో పెట్టే ముందు వాళ్ళకి చూపించలేదు కూడా. మోడల్, స్పెక్స్ అన్నీ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, మీలో చాలామంది ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు, ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీ, బ్యాటరీ కరెంట్‌ని ఇంటి ప్లగ్గుల కరెంట్‌గా మార్చే 1800 వాట్ల ఇన్వర్టర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, అవన్నీ చదివి మీ టైమ్ తినను. మేముండేది టౌన్‌కి దూరంగా, పొలాల మధ్య, చుట్టుపక్కల ఇళ్ళు కూడా తక్కువే, మంచు తుఫాను వస్తే లైన్లు తెగుతాయి, తెగితే మా దగ్గరికి రిపేర్ టీమ్ చివర్లో వస్తుంది, ఎందుకంటే వాళ్ళు ముందు ఎక్కువ ఇళ్ళకి కరెంట్ ఇచ్చే మెయిన్ లైన్లు సరిచేసి, ఆ తర్వాతే రోడ్డు చివర నాలుగిళ్ళ లైన్ దాకా వస్తారు. అందులో తప్పేం లేదు, పద్ధతే అది. కానీ ఆ గ్యాప్ మనమే ఈదాలి కదా, అందుకే ఈ వీడియో మొత్తం ఆ గ్యాప్ గురించే.

చార్జింగ్ స్పీడ్ బాగుంది, గోడ ప్లగ్‌కి పెడితే గంట పైచిలుకులో ఫుల్ అయిపోతుంది, ఫ్యాన్ సౌండ్ కొంచెం ఉంటుంది, హ్యాండిల్ గట్టిగా ఉంది, అంతే, వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

నాకు బాగా నచ్చింది బ్యాటరీకి లోపలే హీటర్ ఇచ్చారు చూడండి, అది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చలిలో కరెంట్ ఇస్తుంది, కాస్త తక్కువ ఇచ్చినా ఇస్తుంది, కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. చేస్తే లిథియం సెల్‌లో ఉండే గ్రాఫైట్ లోపలికి వెళ్ళాల్సింది పోయి దాని మీద లోహం పూతలా పేరుకుపోతుంది, అలా పోయిన కెపాసిటీ మళ్ళీ తిరిగి రాదు. అందుకే మంచి బ్యాటరీల్లో ఉండే కంట్రోల్ బోర్డ్ చలిలో చార్జింగ్ ఆపేస్తుంది. నేను ఇంతకుముందు వాడిన పవర్ స్టేషన్ అదే చేసేది, షెడ్‌లో పెట్టి సోలార్ ప్యానెల్ తగిలిస్తే ఎండ ఉన్నా సరే స్క్రీన్ మీద సున్నా వాట్లు, దాన్ని ఇంట్లోకి మోసుకొచ్చి వెచ్చబడేదాకా ఆగాలి, బయట మంచు మోకాళ్ళ దాకా ఉన్నప్పుడు ఆ మోత ఎంత కష్టమో మోసినవాళ్ళకే తెలుసు. ఇది అలా కాదు, చార్జర్ పెట్టగానే ముందు తన సెల్స్‌ని తనే వెచ్చ చేసుకుని తర్వాత చార్జింగ్ మొదలుపెడుతుంది. షెడ్‌లో నీళ్ళు గడ్డకట్టే చలిలో పెట్టి చూశా, పనిచేసింది. నిజంగా సంతోషం వేసింది. దానికంటే ముందు వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇన్వర్టర్ సెట్ అయితే ఇంకో రకం బాధ, డిశ్చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ పల్చబడి నీళ్ళలాగే గడ్డకడుతుంది, బ్యాటరీ పగిలిపోతుంది కూడా, కాబట్టి అలాంటివి ఉన్నవాళ్ళు చలికాలంలో ఎప్పుడూ ఫుల్ చార్జ్‌లో ఉంచండి.

సోలార్ గురించి కంపెనీ వాళ్ళు ఎక్కువ చెప్పమన్నారు గానీ, తుఫాను రోజుల్లో సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు. మబ్బు, పొట్టి పగలు, కిందుగా ఉండే సూర్యుడు, ప్యానెల్ మీద మంచు, వీటన్నిటి తర్వాత వచ్చేది ఫోన్లకి సరిపోతే అదే గొప్ప.

సరే, ఇప్పుడు నాకు మండిన చోటికి వద్దాం. ఆటో ఆఫ్.

ఇందులో ఎకో మోడ్ అని ఒకటి ఉంది, ప్లగ్గుల్లో లోడ్ చాలా తక్కువగా ఉండి అలా కొంతసేపు గడిస్తే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది, రోజంతా వదిలేస్తే ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీలో చెప్పుకోదగ్గ భాగం దానికే పోతుంది. క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది. కానీ మంచు తుఫానులో ఇంటికి ఎలా ఉంటుందో చూడండి. మా ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది, ఇల్లంతా వెచ్చ చేసే గ్యాస్ ఫర్నేస్ ఉంది. కరెంట్ పోయినప్పుడు సాయంత్రం పూట కట్టెలు వేస్తాం, ఇల్లు వెచ్చగా ఉంటుంది, ఇంటి వేడి చూసి ఫర్నేస్‌ని లేపే థర్మోస్టాట్‌కి దాని అవసరం పడదు, ఫర్నేస్ బోర్డ్ నాలుగైదు వాట్లు తింటూ ఊరికే కూర్చుంటుంది. అర్ధరాత్రి దాటాక కట్టెలు బూడిదవుతాయి, అప్పుడు ఫర్నేస్ లేవాలి, అందుకోసమే కదా దాన్ని ఈ పవర్ స్టేషన్‌కి తగిలించింది. కానీ ఈలోపే ఎకో మోడ్ లోడ్ లేదని ఇన్వర్టర్ ఆపేసింది. ఫర్నేస్ లేవదు. ఇల్లు చల్లబడుతుంది. బ్యాటరీలో చూస్తే చార్జ్ నిండా ఉంది! తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది, బ్యాటరీ ఖాళీ అయిందనుకుని బటన్ నొక్కితే తొంభై శాతం పైన చూపిస్తోంది, అప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు నాకు. దొంగలెవరూ రావట్లేదు కదా అని కాపలా మనిషి వెళ్ళి పడుకుంటే ఎలా ఉంటుంది, అచ్చం అలా ఉంది దీని పని.

దీన్ని ఆపే సెట్టింగ్ ఉంది, లేదనను. ఎక్కడుంది? యాప్‌లో. మెషీన్ మీద అంత పెద్ద స్క్రీన్, అన్ని బటన్లు ఇచ్చి ఈ ఒక్కటి అక్కడ పెట్టలేదు. యాప్ తెరిస్తే లాగిన్ అడుగుతుంది, లాగిన్‌కి ఇంటర్నెట్ కావాలి. కరెంట్ పోయినప్పుడు ఇంటర్నెట్ ఎక్కడిదండీ? రౌటర్‌ని ఇదే పవర్ స్టేషన్‌కి పెట్టినా, ఊరి అవతల ఉన్న ఇంటర్నెట్ కంపెనీ బాక్స్‌లో బ్యాటరీ అయిపోతే లైన్ చచ్చిపోతుంది, సెల్ టవర్‌కి కూడా బ్యాకప్ కొన్ని గంటలే ఉంటుంది. అంటే ఏ రోజు కోసం ఈ వస్తువు కొంటామో సరిగ్గా ఆ రోజే దీని సెట్టింగ్ మన చేతికి అందదు. నేను దీన్ని చిన్న లోపం అనుకోవట్లేదు, నాకు ఇదే మొత్తం రివ్యూ.

ఇంకో కోణం కూడా చెప్పాలి, ఇది ఇంకా సీరియస్. మా అత్తయ్యగారు చలికాలం మా దగ్గరే ఉంటారు, ఆవిడకి నిద్రలో శ్వాస ఆగే సమస్య, రాత్రంతా మాస్క్‌తో గాలి తోసే సీప్యాప్ మెషీన్ పెట్టుకోవాలి. బ్యాటరీ మీద నడిపేటప్పుడు అందులో తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ ఆపేస్తే కరెంట్ వాడకం బాగా తగ్గిపోతుంది, చాలామంది అలాగే చేస్తారు, మీ డాక్టర్‌ని ముందే ఒకసారి అడిగి పెట్టుకోండి. అయితే వాడకం అంత తగ్గితే ఎకో మోడ్‌కి అది కూడా లోడ్ లేనట్టే కనిపించొచ్చు. అందుకే నేను ఆవిడ మెషీన్‌ని మామూలు ప్లగ్‌కి పెట్టనే లేదు, కార్‌లో ఉండే లాంటి 12 వోల్ట్ సాకెట్‌కి, ఆ మెషీన్ కంపెనీ డీసీ కేబుల్‌తో పెట్టాను, డీసీ అంటే బ్యాటరీ ఇచ్చే కరెంట్‌ని మార్చకుండా అలాగే వాడుకోవడం. ఇన్వర్టర్ అవసరమే లేదు, దాని వృథా కూడా లేదు, రాత్రంతా ఆగకుండా నడిచింది. రౌటర్లు చాలావరకు 12 వోల్ట్‌లవే, వాటికీ ఇదే మార్గం. మీ దగ్గర ఏ పవర్ స్టేషన్ ఉన్నా సరే ఇది మాత్రం చేయండి, డీసీలో నడిచేవన్నీ డీసీలోనే నడపండి.

ఫర్నేస్ అన్నాను కాబట్టి లెక్క చెప్తా. ఫర్నేస్ బ్లోయర్, అంటే వేడి గాలి తోసే ఫ్యాన్, నడిచేటప్పుడు ఓ 500 వాట్లు తీసుకుంటుంది అనుకోండి, గంటలో ఇరవై నిమిషాలు నడిస్తే సగటున 170 వాట్ల దాకా, ఇన్వర్టర్ నష్టం పోను ఇది ఐదారు గంటలు లాగుతుంది. గట్టి చలిలో రాత్రంతా రాదు. ఇక 1500 వాట్ల రూమ్ హీటర్ పెడతామంటారా, నలభై నిమిషాల్లోపే ఖాళీ, దయచేసి ఆ పని చేయకండి. అదే కరెంట్‌తో ఎలక్ట్రిక్ దుప్పటి ఎన్నో గంటలు నడుస్తుంది, గదిని కాకుండా మనిషిని వెచ్చ చేసుకోవాలి. ఒకటే గది, తలుపులు మూసి, కిటికీలకి దుప్పట్లు కట్టి అందరూ అక్కడే పడుకోవడం.

కొన్ని ఫర్నేస్‌లు పవర్ స్టేషన్ మీద పెడితే మంట వెలిగి వెంటనే ఆరిపోతాయి. అది మెషీన్ చెడిపోవడం కాదు. ఫర్నేస్ తన మంటని గుర్తుపట్టేది మంట గుండా ఎర్త్‌కి వెళ్ళే చాలా చిన్న కరెంట్‌తో, పవర్ స్టేషన్లలో న్యూట్రల్‌కి ఎర్త్‌కి లోపల కనెక్షన్ ఉండకపోవడం వల్ల ఆ దారి దొరకదు, మంట రాలేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎండాకాలంలోనే సెట్ చేయించి, ఒకసారి నడిపి చూసుకోండి. ఇంకా, ఫర్నేస్ గాలి, పొగ పైపులు ఇంటి గోడలోంచి బయటికి వచ్చేవైతే తుఫానులో మంచు వాటిని మూసేస్తుంది, ఎంత కరెంట్ ఇచ్చినా ఫర్నేస్ ఆగిపోతుంది, మధ్యమధ్యలో వెళ్ళి పార పట్టి తీయాల్సిందే.

నీళ్ళ సంగతి. మాకు బోరు, కరెంట్ పోతే నీళ్ళు కూడా పోయినట్టే. ఈ పవర్ స్టేషన్ బోరు మోటార్‌ని లేపలేదు, స్టార్ట్ అయ్యే క్షణంలో మోటార్ మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది, ఇది వెంటనే ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోయింది, ఈ సైజు దాని నుంచి అది ఆశించకూడదు కూడా. తుఫాను వార్త వినగానే బాత్‌టబ్, బకెట్లు నింపేస్తాం, టాయిలెట్‌కి బకెట్ నీళ్ళు ఒక్కసారిగా పోస్తే ఫ్లష్ అయిపోతుంది. పైపులు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదలమంటారు కదా, బోరు మీద ఉన్నవాళ్ళకి కరెంట్ లేనప్పుడు అది కుదరదు, ప్రెషర్ ట్యాంక్‌లో ఉన్న కాసిని నీళ్ళూ పోతాయి, దానికి బదులు మెయిన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేసేయండి. ఫ్రీజర్‌కి బ్యాటరీ ఖర్చు పెట్టకండి, నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు ఆగుతుంది, ఫ్రిజ్ మాత్రం 4 గంటలే.

మరి కరెంట్ రెండుమూడు రోజులు రాకపోతే? అలాంటి తుఫానులు అరుదేం కాదు, 1998 జనవరిలో కెనడాలో క్యూబెక్ వైపు వచ్చిన ఐస్ స్టార్మ్‌లో టవర్లే కూలిపోయి కొన్ని ఊళ్ళకి వారాల తరబడి కరెంట్ లేదు. అలాంటప్పుడు ఏ బ్యాటరీ అయినా ఒంటరిగా సరిపోదు, జనరేటర్ కావాలి. నా పద్ధతి ఏంటంటే పగలు జనరేటర్ కాసేపు నడిపి, బోరు మోటార్‌తో నీళ్ళు పట్టుకుని, అదే టైమ్‌లో ఈ బ్యాటరీ నింపేసి, రాత్రి జనరేటర్ ఆపేసి దీని మీద గడపడం. పెట్రోల్ ఆదా, సౌండ్ ఉండదు, అందరూ పడుకున్నప్పుడు జనరేటర్ పొగ భయం కూడా ఉండదు. ఆ భయం మాత్రం చిన్నది కాదండీ. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చలి తుఫాను వచ్చినప్పుడు ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు, ఎక్కువమంది చలికి, కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కి. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. జనరేటర్ గ్యారేజ్‌లో వద్దు, తలుపు తెరిచి ఉన్నా వద్దు, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకి ఎదురుగా లేకుండా పెట్టండి, ఇంట్లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. జనరేటర్‌ని గోడ సాకెట్‌లోకి గుచ్చి ఇల్లంతా నడిపేవాళ్ళు ఉన్నారు, ఆ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్ళి వేల వోల్ట్‌లై బయట చలిలో మన కోసం స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోండి, ప్లీజ్.

ఇక కొనాలా వద్దా. ఫోన్లు, లైట్లు, రౌటర్, సీప్యాప్, ఎలక్ట్రిక్ దుప్పటి, వీటికైతే తీసుకోండి, షెడ్‌లోనో గ్యారేజ్‌లోనో పెట్టుకునేవాళ్ళు ఆ బ్యాటరీ హీటర్ కోసమైనా తీసుకోవచ్చు, ఆ ఒక్క విషయంలో నేను వాడిన వాటన్నిటికంటే ఇదే బెస్ట్. కొన్న రోజే, ఇంటర్నెట్ ఉన్నప్పుడే, యాప్‌లో ఎకో మోడ్ ఆఫ్ చేసి పెట్టుకోండి. కానీ ఫర్నేస్‌ని దీని మీద వదిలేసి పిల్లల్ని, పెద్దవాళ్ళని పెట్టుకుని నిద్రపోదామనుకుంటే మాత్రం ఇప్పుడున్న ఈ సాఫ్ట్‌వేర్‌తో నేను వద్దంటాను, స్పెక్స్‌లో ఎన్ని టిక్కులు పడినా సరే వద్దనే అంటాను. ఆటో ఆఫ్ బటన్ మెషీన్ స్క్రీన్ మీదే ఇవ్వమని, యాప్ లాగిన్ లేకుండా బ్లూటూత్‌తో తెరుచుకునేలా చేయమని కంపెనీకి రాసి పంపించాను. చూస్తామన్నారు. అప్‌డేట్ వచ్చాక ఇదే ఫర్నేస్‌కి పెట్టి, ఇంటర్నెట్ పీకేసి, రాత్రంతా నడిపి ఆ వీడియో పెడతాను. అప్పటిదాకా మా ఇంట్లో రాత్రిపూట ఫర్నేస్ నా పాత పవర్ స్టేషన్ మీదే, ఇది అత్తయ్యగారి మంచం పక్కన ఉంటుంది. ఉంటానండి.