నువ్వుల నూనె గిన్నె

(ఆగస్టు 4, గురువుల దినోత్సవం, అంటే కతోలిక ఫాదర్ల దినోత్సవం నాడు, చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసిన డీనరీ యువజన సదస్సులో ఒక యువ ఫాదర్ చేసిన ప్రసంగం)

గురుశ్రీలకు, సిస్టర్లకు, యువతకు స్తోత్రం. వేదిక మీద పెద్దల పేర్లు చదవమని నాకూ చీటీ ఇచ్చారు గానీ, ఇప్పటికే ముగ్గురు మాట్లాడి ముగ్గురూ అవే పేర్లు చదివారు, నన్ను వదిలేయండి. దండ తీసి పక్కన పెట్టాను, తప్పుగా అనుకోకండి, మెడ దురద పెడుతోంది.

నాకిచ్చిన అంశం ‘యువ గురువు దైనందిన జీవితం, విశ్వాసం’. గురుపట్టం అయి నాలుగేళ్లు. పొద్దున నాలుగున్నరకి అలారం. లేస్తానని అనలేదు, మోగుతుంది అంటున్నాను. జపమాల మూడో రహస్యం, అంటే మూడో భాగం, దగ్గరికి వచ్చేసరికి కునుకు. ఆరింటికి దివ్యబలిపూజ, మామూలు రోజుల్లో పదకొండు మంది, అందులో తొమ్మిది మంది మామ్మలు. ఆ తర్వాత గేటు దగ్గర జనం. ఒకరికి స్కూల్లో సీటు కోసం ఉత్తరం కావాలి, ఒకరి కొత్త ఆటో మీద పవిత్ర జలం చల్లాలి, ఇద్దరు అన్నదమ్ములకి పొలం గట్టు తగాదా. ఒకావిడ పాస్‌పుస్తకం పోయింది, పోయిన వస్తువులు దొరకాలని వేడుకునే పునీతుడు పాదువాపురి అంతోని గారికి ప్రార్థన చేయమంది. చేశాం, బియ్యం డబ్బాలో దొరికింది, పేరు నాకొచ్చింది. రాత్రి అన్నం ఒక్కడినే, ఫోను ఎదురుగా పెట్టుకుని తింటాను, మీరు హాస్టల్లో తిన్నట్టే. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇవాళ పునీత జాన్ మరియ వియాన్నీ గారి పండుగ. లాటిన్ చదువు తలకెక్కక నానా తంటాలు పడి గురువైన మనిషి. 1818లో ఆయన్ని ఫ్రాన్స్‌లో ఆర్స్ అనే పల్లెకి పంపారు, రెండు వందల ముప్పై మంది ఉండే ఊరు. దారి తప్పి, గొర్రెలు కాసే పిల్లవాణ్ని అడిగాడట. వాడు చూపిస్తే, “నువ్వు నాకు ఆర్స్‌కి దారి చూపించావు, నేను నీకు మోక్షానికి దారి చూపిస్తా” అన్నాడని చెప్తారు. ప్రతి ఏడాదీ ఈ కథ వింటాం, మోక్షం మాట దగ్గర చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఆ పిల్లవాడే గుర్తుంటాడు. వాడు లేకపోతే ఆ రాత్రి వియాన్నీ గారు ఏ పొదల్లో తిరుగుతుండేవారో.

నాకూ ఒకాయన దారి చూపించాడు. రాసుకొచ్చిన ప్రసంగం ఇదిగో, మడిచేస్తున్నాను.

గురుపట్టం అయిన ఏడో నెల, వానాకాలం. రాత్రి పదకొండింటికి ఫోను. మా విచారణ, అంటే ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధి, కింద పన్నెండు ఊళ్లు, అన్నింటికంటే దూరపు ఊళ్లో ఒక మామ్మ ఆఖరి ఘడియల్లో ఉంది. పద్నాలుగు కిలోమీటర్లు, బండి మీద, బురద. చెరువు కట్ట మలుపు దగ్గర ఆ ఊళ్లో జ్ఞానోపదేశం చెప్పి ప్రార్థన నడిపే ఉపదేశి గారు టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నారు, గొడుగు కూడా లేదు. ఇంటికెళ్లి సంచి తెరిస్తే మెడలో వేసుకునే స్టోల్ ఉంది, పుస్తకం ఉంది, రోగులకి పూసే తైలం సీసా లేదు. ఈస్టర్ ముందు పవిత్ర వారంలో మేత్రాణులు, అంటే బిషప్ గారు, దీవించి ఇచ్చిన తైలం విచారణ గృహంలో బల్ల మీద ఉండిపోయింది. నా చేతులు వణికాయి. వెనక్కి వెళ్లి తెస్తానన్నాను. పోయి రావడానికి గంటన్నర.

ఉపదేశి గారు నన్ను వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి, “ఫాదర్ గారూ, ఇంట్లో నువ్వుల నూనె ఉంది కదా, మీరే దీవించి ఇవ్వచ్చేమో. ఇదివరకు ఒక ఫాదర్ గారు అలా చేశారు” అన్నారు.

ఉంది! 1983 తిరుసభ (కతోలిక చర్చి) చట్టంలో 999వ అధికరణ, అవసరమైతే ఏ గురువైనా ఆ సంస్కారం జరిపేటప్పుడే తైలాన్ని దీవించుకోవచ్చు. ఆలివ్ నూనె దొరక్కపోతే మొక్కల నుంచి తీసిన వేరే నూనె వాడవచ్చని 1972లోనే పోపు ఆరవ పౌలు గారు అన్నారు. సెమినరీలో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఎనిమిదో తరగతి చదివిన పెద్దాయనకి గుర్తుంది, నాకు లేదు. స్టీలు గిన్నెలో నూనె తెచ్చారు. మామ్మకి నుదుటి మీద, చేతుల మీద ఆ నూనె పూసి అభ్యంగనం ఇచ్చాను. తెల్లారేలోపు పోయింది.

నూనె సంగతి కంటే ఆ పక్కకి పిలవడం చూడండి. ఇంటిల్లిపాదీ ముందు చెప్పి ఉంటే నా పరువు ఏమయ్యేది? ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పింది ఆయన, గురువు రాలేని ఆదివారాలు ప్రార్థన నడిపింది ఆయన, చావు ఇంట్లో రాత్రంతా కూర్చున్నది ఆయన. మేం నెలకి ఒకటో రెండో సార్లు వెళ్లి పూజ చేసి కోడికూర తిని వస్తాం. ఆయనకి నెలనెలా ఇచ్చేది పెట్రోలుకి చాలదు, ఆ లెక్క చెప్పాలంటే నాకు సిగ్గు.

ఆ విచారణకి జూబిలీ జరిగింది. ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు, శిలాఫలకం మీద కాంట్రాక్టరు పేరు. మైకులో సన్మానాల జాబితా చదివింది నేనే. అందులో ఆయన పేరు లేదు. నేను కలపొచ్చు, ఎవరూ ఆపేవాళ్లు కాదు, కలపలేదు. ఆయన అప్పుడు వెనకాల కుర్చీలు లెక్కపెడుతున్నారు, అద్దె కుర్చీలు కదా. పోయినేడాది ఆయన పోయారు. అప్పటికి నాకు బదిలీ అయింది. మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో చూశాను.

2021 మే 10న ఫ్రాన్సిస్ జగద్గురువులు, అంటే పోపు గారు, ఉపదేశి పనిని తిరుసభలో ఒక అధికారిక పరిచర్యగా నెలకొల్పారు. రోములో అయింది. మన దగ్గర?

ఒక పని చేయండి. మీ ఊరి ఉపదేశి గారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఆరు... ఎనిమిది. సిస్టర్ గారూ, మీరు దించండి, మీకు రిజిస్టర్లో ఉంటుంది. ఇంతమందిలో ఎనిమిది. నవ్వకండి, నాకూ గురుపట్టం రోజుకి మా ఊరాయన ఇంటిపేరు తెలియదు.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలు తయారట, షెడ్డులో గరిటెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరనుకున్నారు, పదిహేను మంది ఉపదేశులే, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు, ఈ హాల్లోకి ఒక్కరూ రాలేదు. మొదటి బంతికి వాళ్లని కూర్చోబెడదాం. గురుశ్రీలారా, అంగీ చేతులు మడవండి, సాంబారు బకెట్ నేను పట్టుకుంటాను, అన్నం ఎవరు తెస్తారు?