ఒక్క నిమిషంలో చెప్పెయ్

(ఒక కర్మాగారం ఉద్యోగుల వార్షిక సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, నాకంటే ముందు మాట్లాడిన మిత్రులకు, వెనకాల నిలబడి వింటున్నవాళ్లకు నమస్కారం. నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మీలో చాలామంది రాత్రి షిఫ్ట్ దిగి నేరుగా వచ్చారని విన్నాను. కళ్లు మూతలు పడుతుంటే మొహమాటపడకండి, నిద్రపోండి. ఈ మాట మర్యాదకు అనడం లేదు.

నాకిచ్చిన అంశం 'ఆశయం, విశ్రాంతి, కుటుంబం'. ఇచ్చిన వ్యవధి ఇరవై నిమిషాలు. మూడింటికీ సమానంగా పంచి కాగితం మీద రాసుకున్నాను కూడా. నిన్న రాత్రి ఆహ్వాన పత్రం మళ్లీ తీసి చూస్తే నా ప్రసంగం కింద 'ఏడాది పొడవునా ఒక్క సెలవూ పెట్టని ఉద్యోగులకు సన్మానం' అని ఉంది. అది చదివాక రాసుకున్న కాగితం పక్కన పెట్టేశాను. దానికి బదులు ఇదిగో, ఈ సంచిలో దీన్ని తెచ్చాను.

ఇదీ అలాంటి షీల్డే. వరసగా నాలుగేళ్లు ఒక్క సెలవూ వాడనందుకు నాకిచ్చారు. ఇత్తడి రేకు మీద నా పేరు చెక్కి ఉంది. ఇది తీసుకున్న రోజు నాకు ఎంత గర్వంగా ఉండిందో మీకు చెప్పలేను. ఆ నాలుగేళ్లూ మా అమ్మాయికి మూడు నుంచి ఏడేళ్ల వయసు.

అమ్మాయి సంగతికి వస్తాను. ముందు నా పని గురించి చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే మొదలైంది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు మెయింటెనెన్స్‌లో చేశాను. పంపులు, కంప్రెసర్లు, గేర్‌బాక్సులు. ఏ బేరింగుకి ఎన్ని గంటలకోసారి గ్రీజు పెట్టాలి, ఏ మోటారు ఎప్పుడు ఆపి విప్పాలి, అన్నీ నా షెడ్యూలులో ఉండేవి. ప్రొడక్షన్ వాళ్లు ఇంకో వారం నడుపుదామని బతిమాలినా ఒప్పుకునేవాణ్ని కాదు. మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదట చెప్పే పాఠం ఇదే: మనం ఆపితే షట్‌డౌన్, అదే ఆగితే బ్రేక్‌డౌన్. ఇనుముకి అంత జాగ్రత్త చూపినవాణ్ని, ఆ ఇనుమును విప్పి బిగించే మనుషులకి మాత్రం ఏ షెడ్యూలూ రాయలేదు. నాకూ రాసుకోలేదు.

పైగా యంత్రం నిజం చెబుతుంది. వేడెక్కితే వేడి చూపిస్తుంది, అరిగితే వైబ్రేషన్ రీడింగులో తెలుస్తుంది. మనిషి అలా కాదు. 2003లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యవంతుల్లో కొందరిని 14 రోజులపాటు రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చారు. రెండు వారాలయ్యేసరికి వాళ్ల చురుకుదనం ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగిపోయింది. ఇక్కడ నన్ను భయపెట్టింది ఆ దిగిపోవడం కాదు. వాళ్లని అడిగితే పెద్ద తేడా ఏమీ లేదన్నారు. తాము ఎంత దెబ్బతిన్నారో వాళ్లకే తెలియలేదు. 'నాకు ఆరు గంటలు చాలు' అని ముప్పై ఏళ్లు నేను అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట అంటున్నది నిద్ర సరిపోని బుర్రేనని నాకు ఎవరూ చెప్పలేదు.

17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానమని 1997లోనే ఒక పరిశోధనలో తేలింది. చాలా దేశాల్లో అంత తాగితే బండి తోలనివ్వరు. డబుల్ డ్యూటీ చేసి వాల్వు తిప్పితే మాత్రం మనం భుజం తడతాం. దయచేసి ఒక్కసారి ఆలోచించండి, ఎవరి భుజం తడుతున్నామో, దేనికి తడుతున్నామో.

ఇంకో లెక్క కూడా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇలా పని గంటలకు బలైపోయినవాళ్లు 2016 ఒక్క ఏడాదిలోనే 7 లక్షల 45 వేల మంది.

8 గంటల పని, 8 గంటల వినోదం, 8 గంటల విశ్రాంతి అన్న నినాదం మనకంటే ఎంతో పాతది. 1856లో మెల్‌బోర్న్ తాపీ పనివాళ్లు పనిముట్లు కింద పెట్టి 8 గంటల దినం సాధించుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందం రోజుకి 8, వారానికి 48 గంటల పని గురించే. 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కు అంటుంది. అంత కొట్లాడి తెచ్చుకున్నదాన్ని నేను ఒక ఇత్తడి రేకు తీసుకొని తిరిగి ఇచ్చేశాను.

సరే, అమ్మాయి సంగతి.

నేను ఇంటికొచ్చేసరికి అది నిద్ర ఆపుకొని కూర్చుని ఉండేది. చెప్పుల చప్పుడు వినగానే 'నాన్నా' అంటూ వచ్చేది. నేను ఒక చేత్తో చొక్కా గుండీలు విప్పుతూ, ఇంకో చేత్తో ఫోను తీస్తూ 'ఒక్క నిమిషంలో చెప్పెయ్ అమ్మా' అనేవాణ్ని. పిల్లలు మనం ఏం నేర్పితే అది నేర్చుకుంటారు. అది ఒక్క నిమిషంలో చెప్పడం నేర్చుకుంది. మొదట ఆఖరు చెప్పేది, తర్వాత పేర్లు చెప్పేది, ఊపిరి తీసుకోకుండా ముగించేది. 'చూశావా, ఎంత సూటిగా చెబుతుందో' అని నేను మురిసిపోయేవాణ్ని. ఎనిమిదో తరగతిలో వాళ్ల టీచరు మా ఆవిడను పిలిచి, 'పద్యం అప్పజెప్పమంటే ఎవరో తరుముతున్నట్టు చెబుతోంది, ఇంట్లో ఎవరైనా తొందరపెడతారా' అని అడిగారట. మా ఆవిడ ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పడానికి నేను ఎక్కడున్నాను?

నేను రిటైరైన ఏడాది దానికి ఇరవై నాలుగేళ్లు. ఒక సాయంత్రం వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, భుజాన సంచి అలాగే ఉంది. ఉద్యోగం మానేశానంది. ఎందుకు మానేసిందో, ఎన్నాళ్లుగా ఏడుస్తోందో, ఇప్పుడేం చేయాలనుకుంటోందో మొత్తం చెప్పేసింది. నిమిషం కూడా పట్టలేదు. నేను 'కూర్చో అమ్మా, నెమ్మదిగా చెప్పు' అన్నాను. 'అంతే నాన్నా, అయిపోయింది' అంది.

నాకు సాయంత్రమంతా ఖాళీ. దాని దగ్గర రెండో నిమిషం లేదు.

క్షమించండి. ఇది ఎప్పుడు చెప్పినా ఇక్కడ కాసేపు ఆగాల్సి వస్తుంది.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశారు. తల్లి పసిబిడ్డతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా రెండు మూడు నిమిషాలు ఉండిపోతుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, అరుస్తుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది. ఫోనులోకి చూస్తున్న మన ముఖం ఇంట్లో పిల్లలకి ఎలా కనిపిస్తుందో నాకు అది చదివాక అర్థమైంది. అయితే ఆ ప్రయోగంలో మూడో అంకం కూడా ఉంది. తల్లి మళ్లీ నవ్వి పలకరిస్తుంది. బిడ్డ కాసేపు బెట్టు చేసినా మెల్లగా దగ్గరికొస్తుంది. ఆ మూడో అంకాన్ని పట్టుకొనే నేను బతుకుతున్నాను. ఇప్పుడు వారానికోసారి నేనూ అమ్మాయీ నడకకి వెళ్తాం. నేనేమీ అడగను. ఏడెనిమిది నెలలు గడిచాక ఒకరోజు అది ఒక విషయాన్ని ఆఖరు నుంచి కాక, మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆశయం మాట మరిచిపోయాననుకోకండి. చీఫ్ ఇంజనీరు కావాలనుకున్నాను, అయ్యాను. ఆ పని నాకు ప్రాణం. దాన్ని తిట్టడానికి నేను రాలేదు. పెద్ద ఆశ ఉన్నవాడికి విశ్రాంతి అడ్డమనుకోవడమే నా పొరపాటు. బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం 1993లో వచ్చింది. అందరికంటే బాగా వాయించేవాళ్లు సాధన ఎక్కువ చేసేవాళ్లే, నిజం. కానీ వాళ్లు నిద్రపోయిందీ ఎక్కువే, పగటి కునుకుతో సహా. సాధన గంటల గురించి అందరూ చెప్పుకుంటారు, ఆ నిద్ర గురించి ఎవరూ చెప్పుకోరు.

ఇంకోటి. మా ఇంట్లో ఆశయం నాది ఒక్కడిదే అన్నట్టు బతికాను. మా ఆవిడకి ఫార్మసీలో పైచదువుకి సీటొచ్చింది. అదే నెలలో నాకు షిఫ్ట్ ఇన్‌చార్జిగా ప్రమోషన్ వచ్చింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నది కూడా లేదు. పుస్తకాలు బీరువా పై అరలోకి వెళ్లిపోయాయి. ఉద్యోగం చేసే ఆడవాళ్లని ప్రతి సభలోనూ అడుగుతారు, ఇల్లూ ఆఫీసూ ఎలా నెట్టుకొస్తున్నారని. నన్ను ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరు కూడా అడగలేదు. అడగాల్సింది నన్ను. ఆవిడ ఇవాళ ఈ సభకి రాలేదు, చదువు మళ్లీ మొదలుపెట్టింది, ఈరోజు పరీక్ష. దీనితో పాతది చెల్లిపోయిందని నేను అనుకోవడం లేదు.

అప్పుల కోసం, పిల్లల ఫీజుల కోసం రెండు డ్యూటీలు చేసేవాళ్లు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. మీరు ఇంటికి త్వరగా వెళ్లండని చెప్పే అర్హత నాకు లేదు. నేను మాట్లాడుతున్నది ముందు వరుసలో కూర్చున్న రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, రాసేవాళ్లతో. నేనూ రాసినవాణ్నే. ఒక టెక్నీషియన్ తన కూతురి బడిలో ఏదో ఉందని సగం రోజు సెలవు అడిగాడు. 'చూద్దాం' అన్నాను. మన భాషలో 'చూద్దాం' అంటే ఏమిటో అతనికి తెలుసు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఏడాది చివర అతను ఒక్క సెలవూ వాడలేదని అందరి ముందూ మెచ్చుకున్నాను. అతని ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నా సమయం దాటిపోయిందని అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండు మాటలు చెప్పి దిగిపోతాను.

నా తర్వాత నలుగురికి షీల్డులు ఇస్తారు. ఇవ్వండి, ఆపమనను. వాళ్లు కష్టపడ్డారు, రెక్కలు ముక్కలు చేసుకున్నారు. కానీ వచ్చేటప్పుడు నేను మీ ఆఫీసులో అడిగి సెలవు దరఖాస్తులు నాలుగు తీసుకున్నాను. ఇవిగో. అయ్యా, మీరు నలుగురూ షీల్డు అందుకొని కిందికి రాగానే నా దగ్గరికి రండి. పెన్ను నా దగ్గరుంది. మంజూరు చేయాల్సిన మేనేజరు గారు ఇక్కడే, మూడో కుర్చీలో ఉన్నారు. సంతకం అయ్యేదాకా నేను కదలను.