గడ్డను కాపాడే మందు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఎముకల ఆసుపత్రి ముందైనా ఒకప్పుడు ఈ దృశ్యం తప్పేది కాదు. ఫోను చెవిన పెట్టుకుని, "ఓ పాజిటివ్ రెండు బాటిళ్లు కావాలంట, మన ఊళ్లో ఎవరున్నార్రా?" అంటూ ఒక కుర్రాడు అటూ ఇటూ తిరుగుతుండేవాడు. మోకాలి మార్పిడి అనగానే ముందు రక్తం టెన్షనే. ఆ హడావిడి ఇప్పుడు బాగా తగ్గింది. మత్తు డాక్టరుగా నేను దగ్గరుండి చూసిన మార్పు ఇది. అందుకు ఒక ముఖ్య కారణం, ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్. యాసిడ్ అనగానే బాత్రూమ్ సీసా గుర్తు తెచ్చుకోకండి, అదీ ఇదీ వేరు.

కండలో రక్తనాళం తెగితే పట్టుకుని ముడి వేయొచ్చు. కోసిన ఎముక అలా కాదు, తడి స్పాంజిలా అంతటా ఊరుతూనే ఉంటుంది. ఒంట్లో ఉన్నదే దాదాపు 5 లీటర్ల రక్తం. శరీరం ఊరికే కూర్చోదు, ఫైబ్రిన్ అనే దారాలతో వల అల్లి గడ్డ కట్టిస్తుంది. చిక్కేమిటంటే, ఆ గడ్డను కరిగించే ప్లాస్మిన్ కూడా మన రక్తంలోనే తయారవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చడం చూశారుగా! ఒకపక్క రాళ్లు పోస్తుంటే మరోపక్క నీళ్లు లాక్కుపోతుంటే ఎలా ఉంటుంది? ఈ మందు కొత్తగా రాళ్లేమీ పోయదు. పోసినవాటిని కొట్టుకుపోనివ్వదు, అంతే. కోత పెట్టకముందే సుమారు 1 గ్రాము నెమ్మదిగా నరంలోకి ఎక్కిస్తాం. కొందరు సర్జన్లు కీలు లోపల కూడా పోస్తారు.

దీన్ని కనిపెట్టింది జపాన్‌కు చెందిన ఒకామోటో దంపతులు, 1962లో. ఉటాకో ఒకామోటో గారు పసిబిడ్డను వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసేవారట. కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లులు చనిపోకూడదన్నది ఆవిడ తపన. ఆ పనికి మందు అక్కరకొస్తుందని 2017లో పెద్ద పరిశోధన తేల్చింది. ఆవిడ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

అందరికీ కళ్లు మూసుకుని ఇచ్చే మందు కాదు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, గుండెకు స్టెంట్ వేసినా, ఫిట్స్ వచ్చినా, కిడ్నీ జబ్బున్నా ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. హిమోగ్లోబిన్ 9 ఉంటే నాలుగు రోజులు గోంగూర తిని సరిపెట్టుకుందామనుకోవద్దు. గుంటూరు వాళ్లకు కోపం రావచ్చుగానీ, కారణం కనుక్కుని మందులు వాడాల్సిందే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి రక్తం ఎక్కించక తప్పదు.

ఆపరేషన్ అయ్యాక రక్తం పీల్చిన గుడ్డల్ని తూకం వేస్తాం. పెరిగిన ప్రతి గ్రామూ సుమారుగా 1 మిల్లీలీటరు రక్తం కింద లెక్క. మొన్న మంగళగిరి పెద్దమ్మ ఒకావిడకు ఆ తూకం చూసి, సిద్ధం చేయించిన రెండు బాటిళ్లూ బ్లడ్ బ్యాంకులోనే ఉంచేశాం. మర్నాడు రౌండ్స్‌కి వెళితే అడిగింది: "నాకు ఎవరి రక్తం ఎక్కించారు బాబూ?"

"ఎవరిదీ లేదమ్మా. మీది మీకే సరిపోయింది."

"అదేమిటి, మావాడు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడే!"