పదేళ్లు దాటినా తీరని గడువులు: ఇంగ్లండ్‌లో అనుమతి లేని ఇంటి పనులు

అందరికీ నమస్కారం.

“అనుమతి లేకుండా కట్టినా, నాలుగేళ్లు దాటితే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ఏమీ చేయలేదంట కదా” అన్న మాట ఇప్పటికీ వినిపిస్తోంది. ఆ మాట నమ్మి ఇల్లు కొనకండి. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 25 నుంచి ఆ గడువు పదేళ్లయింది. వేల్స్‌లో మాత్రం పాత పద్ధతే. లిస్టెడ్ భవనాలకైతే (చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం రక్షించేవి) గడువన్నదే లేదు.

ఆ తేదీకి ముందే పని ముగిస్తే నాలుగేళ్లే లెక్క. 2024 మార్చిలో ముగిసిన లాఫ్ట్ (కప్పు కింది అటక గది) పనికి 2028 మార్చితో తీరిపోతుంది. మే నెలలో ముగిసిందా, 2034 మే దాకా ఆగాలి.

“ముగియడం” అంటే ఏమిటన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గోడలు లేచి కప్పు పడితే చాలదు. మొదట తలపెట్టిన కట్టడాన్ని మొత్తంగా చూడాలని 2003లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. లోపలి పని బాగా మిగిలిపోతే గడువు మొదలవదు. సర్రేలో ఒకాయన గడ్డిమోపుల చాటున కోటలాంటి ఇల్లు కట్టి, నాలుగేళ్లు కాపురమున్నాక మోపులు తీశాడు. ఆ తీయడం కూడా నిర్మాణంలో భాగమేనని కోర్టు తేల్చింది. 2016లో ఇల్లు కూల్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే, కావాలని దాచారని తేలితే గడువు దాటాక కూడా మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వుతో కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు.

గడువు దాటిందని నిరూపించాల్సింది మీరే. బిల్డర్ బిల్లులు, తేదీ ఉన్న ఫొటోలు, పాత ఉపగ్రహ చిత్రాలు, పెరటి గదిని విడి ఇల్లుగా వాడితే కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందాలు దాచండి. ఆ గది మధ్యలో కొన్ని నెలలు ఖాళీగా ఉంటే వాడుక తెగిందనే వాదన వస్తుంది. కాగితాలన్నీ జతచేసి ఆ కట్టడం చట్టబద్ధమేనని చెప్పే ‘లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్’ కౌన్సిల్ నుంచి తీసుకోండి. అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధీకరించే మన బీఆర్ఎస్ లాంటి పథకం కోసం ఇక్కడ ఎదురుచూడనక్కర్లేదు, అనుమతికి ఆలస్యంగానైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ దరఖాస్తుతో తప్పు మనమే కౌన్సిల్ ముందు పెట్టినట్టవుతుంది.

ఇదంతా ప్లానింగ్ (కట్టుకునే అనుమతి) సంగతి. బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడం భద్రత నియమాలు) పూర్తిగా వేరు, మనవాళ్లు మరిచిపోయేదీ ఇదే. గోడ తీసి స్టీలు బీమ్ పెట్టారు, లాఫ్ట్‌లో పడకగది వేశారు, తనిఖీ చేయించలేదు. దాన్ని తీసేయమనో సరిచేయమనో నోటీసు ఇచ్చే గడువు ఒకప్పుడు 12 నెలలే. 2023 అక్టోబరు 1 నుంచి అదీ పదేళ్లయింది. ప్రాసిక్యూషన్‌కు కాలపరిమితే లేదు. 1985 నవంబరు 11 తర్వాత చేసిన పనికి ఆలస్యంగా తనిఖీ చేసి ఇచ్చే రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. ఇన్‌స్పెక్టర్ బీమ్ చూడాలంటే ప్లాస్టర్ పగలగొట్టాలి, పునాది చూడాలంటే గొయ్యి తవ్వాలి. ఆ ఖర్చుకు సిద్ధపడండి. పైన పిల్లలు పడుకునే గది కింద బీమ్ ఎంత బరువు మోస్తుందో తెలియాలి కదా.

ఇల్లు కొనేటప్పుడు సాలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా తీసుకుందాం అంటారు. అది కౌన్సిల్ చర్యవల్ల వచ్చే నష్టానికే, బీమ్ కుంగితే పనికిరాదు. పైగా కౌన్సిల్‌కు ముందే ఫోన్ చేసి ఆరా తీస్తే బీమా కంపెనీ పాలసీ ఇవ్వకపోవచ్చు. కాబట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించండి, ఆయన ఏం చెప్పారో విన్నాకే పాలసీయా, సర్టిఫికెట్టా అన్నది తేల్చుకుని, ఆ తర్వాతే కౌన్సిల్‌కు ఫోన్ చేయండి.